ఎడమ తలుపు తాళం

2023 నవంబరు 15, బుధవారం

మారుతి డ్రైవరు తలుపు ఈ పొద్దున మళ్లీ మొరాయించింది. చెవి లోపలికి వెళ్తుంది, సగం తిరుగుతుంది, అక్కడ బిగుసుకుంటుంది. చివరికి డిక్కీ తెరిచి, వెనక సీటు మీదుగా వంగి, వెనక తలుపు లోపలి హ్యాండిల్ అందుకున్నాను. చీర కట్టుకుని చెయ్యాల్సిన పని కాదు.

మధ్యాహ్నం మూడింటికి కాలేజీలో అదే చెవి ఏమీ ఎరగనట్టు తిరిగింది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా ఎండ ఒక్కటే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గుత్తిలో ఈ కారువే మూడు చెవులు. స్టార్ట్ చెయ్యడానికి ఒకటి, డ్రైవరు తలుపుకి ఒకటి, డిక్కీకి ఒకటి. ఎడమ తలుపులో ఏదీ సరిగ్గా దిగదు. కారు మా చేతికొచ్చాక ఆ తలుపుని బయట నుంచి తాళంతో తీసినవాళ్లే లేరు. 1998 బండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున అన్నిటికీ ఒకటే చెవి ఉండి ఉంటుంది. ఈ పాతికేళ్లలో ఎవరెవరో ఎక్కడెక్కడో మార్చుకుంటూ వచ్చారు.

రిజిస్ట్రేషన్ గడువు డిసెంబరు నెలాఖరుకి అయిపోతుంది. పదిహేనేళ్లు దాటిన బండిని అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్‌కి చూపించి గడువు పొడిగించుకోవాలి. సొంత కారులోకి డిక్కీలోంచి దూరే మనిషిగా ఇన్‌స్పెక్టరు ముందు నిలబడలేను.

"లాకుల సెట్టు మొత్తం ఆన్‌లైన్లో దొరుకుతుంది. పాతది పీకి పారేసి కొత్తది వేయించరాదూ?" అన్నారు ఈయన. పీకడం దగ్గరే ఉంది చిక్కంతా. ఇగ్నిషన్ లాకుని స్టీరింగు దగ్గర పట్టి ఉంచే బోల్టులు మామూలువి కావు. బిగించేటప్పుడే వాటి తలలు తెగి పడిపోయేలా చేస్తారు, దొంగ పానా వేసి విప్పకుండా. తియ్యాలంటే ఉలి పెట్టి కొట్టాలి, లేదా డ్రిల్లు వెయ్యాలి. శుభ్రంగా పనిచేస్తున్నదాన్ని అంత హింస పెట్టడం దేనికి? ఇగ్నిషన్‌ని దాని మానాన దాన్ని ఉండనిచ్చి, తలుపుల్నీ డిక్కీనీ దాని చెవికి అలవాటు చెయ్యాలి. అదే చెప్పాను. "నీ ఇష్టం" అని పేపరు తిప్పారు.

నవంబరు 19, ఆదివారం

ప్రపంచ కప్పు ఫైనల్. వీధిలో పిల్లి కూడా లేదు. ఎవరూ వచ్చి "ఏంటండీ ఏం చేస్తున్నారు" అని అడగని రోజు ఇంతకన్నా దొరకదని డ్రైవరు తలుపు విప్పాను.

మొదట అద్దం పూర్తిగా పైకి తిప్పాలి. లేకపోతే లోపల చెయ్యి పెట్టడానికి చోటుండదు. ఆ తరవాత అద్దం తిప్పే హ్యాండిల్. దీనికి పైకి కనిపించే స్క్రూ ఏదీ లేదు. వెనక గుర్రపు నాడా ఆకారంలో చిన్న స్ప్రింగు క్లిప్పు ఉంటుంది. ఇదివరకు విప్పినవాళ్లు స్క్రూడ్రైవరుతో పెళ్లగించినట్టున్నారు, డోర్ ప్యాడ్ మీద గాట్లే గాట్లు. పాత గుడ్డపేలిక ఒకటి హ్యాండిల్‌కీ ప్యాడ్‌కీ మధ్య దూర్చి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగితే చాలు. గుడ్డ పోగులు క్లిప్పు కొమ్ములకి చిక్కుకుని దాన్ని బయటికి లాగేస్తాయి. క్లిప్పు ఎగిరిపోకుండా రెండో చేయి అడ్డం పెట్టుకోవాలి. ఎగిరితే సెల్లారు వాలులో దొర్లిపోయి కాలవలో పడుతుంది.

చెయ్యి ఆన్చుకునే పిడికి స్క్రూలు, లోపలి హ్యాండిల్ చుట్టూ ఉన్న చట్రానికి ఒకటి. అవి వచ్చాక ప్యాడ్ అంచు కింద చదునైన బద్ద పెట్టి, ఒక్కో ప్లాస్టిక్ గుండీ దగ్గరా కొద్దికొద్దిగా ఎత్తాలి. మధ్యలో పట్టుకుని లాగితే అట్ట చిరుగుతుంది, గుండీ మాత్రం తలుపులోనే ఉండిపోతుంది. ఈ ప్యాడ్ కింది సగం అప్పటికే ఉబ్బి పొరలు విడిపోయింది. కారణం విప్పగానే తెలిసింది. తలుపు రేకుకీ ప్యాడ్‌కీ మధ్య ఉండవలసిన ప్లాస్టిక్ షీటు లేదు. ఎప్పుడో ఏదో షాపులో ఎవరో చింపేసి, మళ్లీ అంటించకుండా బిగించేశారు. చాలామంది దాన్ని కొత్త సామానుకి చుట్టే కవరు అనుకుంటారు. కాదు. అద్దం పక్క రబ్బరు ఎంత కొత్తదైనా వాన నీళ్లు తలుపులోకి దిగడం మానవు. దిగాలి, అడుగున ఉన్న బెజ్జాల్లోంచి పోవాలి, తలుపుని అలాగే కట్టారు. ఆ నీళ్లు అట్టకి తగలకుండా కాపాడేది ఆ షీటే.

అడుగు బెజ్జాలు మట్టితో పూడిపోయి ఉన్నాయి. పుల్లతో పొడిచి తీశాను. రేకు అంచున తుప్పు మొదలైంది గానీ చిల్లు పడలేదు.

లోపల చూస్తే వ్యవహారం అంత గడ్డుగా లేదు. తలుపు అంచున గడియ పెట్టె ఉంది. బయటి హ్యాండిల్ నుంచి, లోపలి హ్యాండిల్ నుంచి, లోపలి లాకు మీట నుంచి, చెవి పెట్టే లాకు నుంచి సన్నటి ఇనుప కడ్డీలు దానిలోకే వస్తాయి. కడ్డీ కొసల్ని ప్లాస్టిక్ క్లిప్పులు పట్టి ఉంచుతాయి. క్లిప్పుని ముందు పక్కకి తిప్పి విడదీసి ఆ తరవాతే కడ్డీ లాగాలి. పాతికేళ్ల ప్లాస్టిక్ కాబట్టి అప్పడంలా విరుగుతుందని ముందే కొత్తవి తెచ్చుకున్నాను. చెవి లాకుని తలుపు రేకుకి పట్టి ఉంచేది మళ్లీ నాడా క్లిప్పే, కాకపోతే ఇది పెద్దది. ప్లయరుతో పట్టి పక్కకి లాగితే లాకు చేతిలోకి వచ్చింది. బొటనవేలంత ఉంది. ఇంత హంగామా దీనికోసమా అనిపించింది.

రాత్రి మళ్లీ కిందికి వెళ్తే గేటు దగ్గర పిల్లలు కూర్చుని ఉన్నారు. దీపావళికి కాల్చకుండా గెలుపు కోసం దాచిన టపాకాయల సంచి పక్కనే ఉంది. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. మ్యాచ్ సంగతి అడగలేదు.

నవంబరు 20, సోమవారం

లాకుని కిరోసిన్‌లో వేశాను. చెవి పెట్టే మూతి దగ్గర ఒక చిన్న రెక్క ఉంటుంది, దుమ్ము పోకుండా. దాని స్ప్రింగు విరిగిపోయింది, మూతి తెరుచుకునే ఉంది. లోపల నుంచి పసుపుపచ్చటి ముద్ద వచ్చింది. వాసన చూశాను. కొబ్బరినూనె!

వాచ్‌మన్‌ని పిలిచి అడిగితే గర్వంగా ఒప్పుకున్నాడు. "బిగుసుకుంటందని వారవారం పోస్తన్నా మేడమ్, మీకు చెప్పలేదంతే."

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డ కడుతుంది. బెజవాడలో అది ఎప్పుడు గడ్డ కడుతుందో తలకి రాసుకునే ప్రతివాళ్లకీ తెలుసు. ఫిజిక్స్ పాఠం చెప్పేదాన్ని, మధ్యాహ్నం తిరిగి పొద్దున తిరగని తాళం గురించి ఆలోచిస్తూ థర్మామీటరు దాకా వెళ్లాను గానీ సీసా దాకా వెళ్లలేదు. గడ్డ కట్టకపోయినా నూనె నూనే. దుమ్ముని పట్టుకుని ముద్దవుతుంది, ఆ ముద్ద లోపలి సన్నటి స్ప్రింగుల్ని కదలనివ్వదు. చెవి లాకుకి కావలసింది పొడి గ్రాఫైటు. మెత్తటి పెన్సిలు చెవి మీద బాగా రుద్ది నాలుగుసార్లు పెట్టి తీసినా సరిపోతుంది. గడియ పెట్టెకి మాత్రం గ్రీజు కావాలి. చాలా ఇళ్లలో దీనికి అదీ దానికి ఇదీ పెడతారు.

నవంబరు 22, బుధవారం

కాలేజీ నుంచి తొందరగా వచ్చి ఎడమ తలుపు విప్పాను. ఇందులో షీటు ఉంది! అంచులు నల్ల జిగురుతో అంటుకుని, ఫ్యాక్టరీ వాళ్లు అంటించిన తీరులోనే ఉంది. అంటే ఈ తలుపుని ఎవరూ ముట్టుకోలేదు. లాకు తీశాను. మూతి రెక్క బిగువుగా ఉంది. లోపల దుమ్ము గట్టిపడింది, అంతే. కిరోసిన్‌లో నానబెట్టి, బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి, ఎందుకో ఇగ్నిషన్ చెవి పెట్టి చూశాను. మొదట కదల్లేదు. కాస్త పైకెత్తి ఆడిస్తే తిరిగింది.

కాబట్టి ఇగ్నిషనూ ఎడమ తలుపూ అసలు జంట. డ్రైవరు తలుపూ డిక్కీ తరవాత వచ్చినవి.

నవంబరు 25, శనివారం

పొద్దున ఆటోనగర్. లారీ బాడీలు కట్టే షెడ్లు దాటి లోపలికి వెళ్తే పాత కార్ల సామాను అమ్మే కొట్లున్నాయి. మారుతి లాకులు కావాలంటే కొట్టతను ఇనుప తీగకి గుచ్చిన గుత్తి ఒకటి తీసి బల్ల మీద పడేశాడు.

"చెవుల్లేవు మేడమ్. ఏం చేసుకుంటారు?"

"లోపలి రేకులు కావాలి."

నన్ను తేరిపార చూసి, బేరం ఆడకుండా ఇచ్చేశాడు. చెవి లేని లాకు ఎవరికి కావాలి?

అక్కణ్నుంచి వన్‌టౌన్, పంజా సెంటరు దగ్గర తాళాలు చేసే సాయిబుగారి బడ్డీ. ఇగ్నిషన్ చెవి చేతికిస్తే కళ్లజోడు పైకి నెట్టి వెలుగుకి పట్టుకుని చూశారు.

"ఇది చెవి కాదమ్మా, చెవికి మనవరాలు. దీన్ని చూసి నేను ఇంకోటి కోస్తే మునిమనవరాలు అవుతుంది. అది కొన్నాళ్లకి అసలు తిరగదు."

నాకు తెలిసినదాన్ని ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదు. చెవిని చూసి చెవి కోసే మిషను పళ్ల ఎత్తుల్ని ఉన్నవి ఉన్నట్టు కాపీ చేస్తుంది. అసలు చెవి అరిగిపోతే ఆ అరుగుదలని కూడా కాపీ చేస్తుంది, దానికి తోడు మిషను తప్పు కాస్త. అందుకే కొత్తగా చేయించిన చెవులు పాతవాటికంటే ముందు మొండికేస్తాయి. జనం తిట్టేది లాకుని. చాలా కార్లలో మార్చవలసింది లాకు కాదు, చెవి.

మరి అసలు లోతులు ఎలా తెలుస్తాయి? ఎడమ తలుపు లాకు జేబులోంచి తీసి ఇచ్చాను. ఆయన ముఖం వెలిగింది. వెనక చిన్న రింగు ఊడదీసి, చెవి పెట్టే ఉంచి గుండ్రటి లోపలి ముక్కని బయటికి లాగారు. చెవి లేకుండా లాగితే రేకులు పైకి పొడుచుకొచ్చి తట్టుకుంటాయి, స్ప్రింగులు ఎగిరిపోతాయి. ఆ స్ప్రింగులు మనిషి వెంట్రుక కన్నా కాస్త లావు. వరసగా ఇత్తడి రేకులు, ఒక్కోదానిలో దీర్ఘచతురస్రపు కన్నం. కన్నం ఎంత ఎత్తులో ఉందో దాన్ని బట్టి చెవి పన్ను లోతు. సరైన చెవి పెడితే రేకులన్నీ గుండ్రటి ముక్క అంచుతో సమానంగా సర్దుకుంటాయి, ముక్క తిరుగుతుంది. ఒక్క రేకు వెంట్రుక వాసి పైకి నిలబడినా తిరగదు.

ఈ తలుపుని ఎవరూ తియ్యలేదు కాబట్టి ఈ రేకులు అరగలేదు. కారు పుట్టినప్పటి లోతులు వీటిలోనే ఉన్నాయి. సాయిబుగారు రేకు తరవాత రేకు చూసి, సున్నపుబలపంతో బల్ల మీద అంకెలు వేసుకుని, కొత్త చెవిని పట్టులో బిగించి ఆకురాయితో కోశారు. మిషను పక్కనే ఉంది, ముట్టుకోలేదు. ఆ చెవి ఎడమ లాకులో పెడితే వేలు ఒత్తకుండానే తిరిగింది. కిందికెళ్లి ఇగ్నిషన్‌లో పెట్టాను. స్టార్ట్ అయింది. ఇన్నాళ్లూ ఆ చెవిని కాస్త వెనక్కి లాగి తిప్పడం మా ఇంట్లో అందరికీ అలవాటు, అది లాకు స్వభావం అనుకున్నాం.

ఇక డ్రైవరు లాకూ డిక్కీ లాకూ. సాయిబుగారు ఒక దగ్గరిదారి చెప్పారు. కొత్త చెవి పెట్టి, పైకి పొడుచుకొచ్చిన రేకుల కొసలు ఆకురాయితో రుద్దేస్తే సమానమైపోతాయి, పది నిమిషాల పని, ఊళ్లో అందరూ అదే చేస్తారు. నేను వద్దన్నాను. రుద్దిన రేకు ఆ చెవికే కాదు, పక్క లోతులకి కూడా లొంగుతుంది. ఇంటికొచ్చాక లెక్క వేసుకున్నాను. ఆరు రేకులు, ఒక్కోదానికి నాలుగు లోతులు అనుకుంటే 4,096 రకాల చెవులు సాధ్యం. అరుగుదల వల్లో ఆకురాయి వల్లో పక్కపక్క లోతుల తేడా చెరిగిపోయి రెండే మిగిలాయనుకుంటే 64. ఒకరి మారుతి చెవితో ఇంకొకరి మారుతి తెరుచుకుందని పార్కింగుల్లో వినే కథల్లో ఆశ్చర్యం ఏమీ లేదు.

అందుకే ఆటోనగర్ గుత్తి. వాటిలోంచి సరిపోయే రేకులు ఏరి, అరగనివి చూసి, రెండు లాకుల్లోనూ మార్చారు. మధ్యాహ్నం నమాజుకి వెళ్లొచ్చి మళ్లీ కూర్చున్నారు. డ్రైవరు లాకు మూతి రెక్కకి స్ప్రింగు కూడా ఆ గుత్తిలోదే. డబ్బు అడిగినంత ఇచ్చాను, అడిగింది తక్కువే.

నవంబరు 26, ఆదివారం

తిరిగి బిగించడం. డ్రైవరు తలుపు గడియ పెట్టె కూడా బయటికి తీశాను, గ్రీజు ఎండి రాయిలా ఉంది. తలుపు అంచున మూడు స్టార్ స్క్రూలు. ఇవి మామూలు స్క్రూడ్రైవరుకి లొంగవు. పెద్ద స్టార్ కావాలి, దాన్ని స్క్రూలో నిలబెట్టి సుత్తితో రెండు దెబ్బలు గట్టిగా కొట్టి అప్పుడు తిప్పాలి. తల అరిగిందంటే ఆ సాయంత్రం అక్కడితో సరి.

లాకు పాతది వాడొచ్చు, గడియ విషయంలో నేను ఒప్పుకోను. చెవి లాకు పోతే మనిషి బయట నిలబడతాడు. గడియ పోతే మలుపులోనో ప్రమాదంలోనో మనిషి బయట పడతాడు. మాది అరగలేదు, కడిగి గ్రీజు పెడితే సరిపోయింది. అరిగి ఉంటే స్క్రాపుది కాకుండా కొత్తదే వేసేదాన్ని. గడియకి రెండు మెట్లుంటాయి, సగం పడటం, పూర్తిగా పడటం. కారులో తలుపు గలగలలాడుతోందని దబ్బున వేసేవాళ్లకి చాలాసార్లు పడేది మొదటి మెట్టే. దానికి గడియని తిట్టక్కర్లేదు. తలుపు పడే స్తంభం మీద ఉన్న కొక్కేన్ని రెండు స్క్రూలు వదులు చేసి కాస్త బయటికి జరిపితే చాలు. వదులు చేసేముందు దాని చుట్టూ పెన్సిలుతో గీత గీసుకోవాలి, ఎక్కడ ఉండేదో తెలియడానికి.

అన్ని కడ్డీలూ తగిలించాక తలుపు మూయకూడదు. తెరిచి ఉంచే, గడియ నోట్లో స్క్రూడ్రైవరు పెట్టి మూసుకున్నట్టు నొక్కాలి. ఇప్పుడు చెవి తిప్పి చూడాలి, బయటి హ్యాండిల్, లోపలి హ్యాండిల్, లాకు మీట ఒక్కొక్కటీ చూడాలి. ఏ కడ్డీ అయినా తప్పు కన్నంలో ఉంటే అప్పుడే తెలుస్తుంది. మూసేశాక తెలిస్తే ప్యాడ్ బిగించిన తలుపుని మూసినచోటే విప్పుకోవాలి, దానికి చేతులు చాలవు.

షీటు కోసం దళసరి పాలిథిన్ కొన్నాను. ఎడమ తలుపు షీటుని నమూనా పెట్టుకుని కత్తిరించాను. కింది అంచు రేకు లోపలికి మడిచి వదిలెయ్యాలి, అప్పుడే నీళ్లు దాని మీంచి జారి తలుపులోకి పోతాయి.

డిసెంబరు 5, మంగళవారం

నిన్నటి నుంచీ ఎడతెరిపి లేదు. మిచాంగ్ తుపాను మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. సెల్లారులో చోటు లేక మా కారు ఎప్పుడూ గేటు పక్కనే, వానకి తడుస్తూ ఉంది. సాయంత్రం కాస్త తెరిపిస్తే గొడుగేసుకుని వెళ్లి చూశాను. తలుపుల అడుగున బెజ్జాల్లోంచి నీళ్లు సన్నగా కారుతున్నాయి. లోపల ప్యాడ్ మీద చెయ్యి పెట్టి చూశాను, పొడిగా ఉంది. వెనక తలుపుల్ని నేను విప్పలేదు. వాటి అడుగు నుంచి చుక్క కూడా రావడం లేదు. అంటే నీళ్లు లోపలే ఉన్నాయి. ఈ ఆదివారం వాటి పని.

డిసెంబరు 14, గురువారం

స్టాఫ్ రూములో చెప్పాను, వినేవాళ్లు తక్కువ. 1983లో ఇదే రోజున ఇందిరాగాంధీ గుర్గావ్‌లో మొదటి మారుతి 800 తాళంచెవి కొన్నాయన చేతిలో పెట్టారు. నలభై ఏళ్లు. సంజయ్ గాంధీ పుట్టినరోజు అది. 2014 జనవరిలో ఈ బండి తయారీ ఆపేశారు. ఈలోగా పాతిక లక్షలకు పైగా రోడ్ల మీదికి వచ్చాయి. మన ఇళ్లలో కారు తలుపు తాళం తిప్పడం మొదట నేర్చుకున్నది చాలామంది దీని మీదే అయి ఉంటుంది. "ఇంకా అదే నడుపుతున్నారా మేడమ్?" అంది కొత్తగా చేరిన కెమిస్ట్రీ అమ్మాయి. అవునన్నాను.

గుత్తిలో ఇప్పుడు ఈ కారుకి ఒకటే చెవి. రెండోది కూడా సాయిబుగారి చేతే అంకెల్ని చూసి కోయించాను, మొదటిదాన్ని చూసి కాదు. దాన్ని వాడం. ఆ అంకెలు ఈ పుస్తకం చివరి అట్ట లోపల రాశాను.

డిసెంబరు 17, ఆదివారం

మూడో అంతస్తు ఆయన కారు తలుపు తెరుచుకోవడం లేదట, నా సంగతి వాచ్‌మన్ చెప్పాడట. ఆయనది మా దానికన్నా కొత్త బండి, చెవిలో చిప్ ఉంటుంది. అది నా పని కాదని చెప్పాను. అయితే చిప్‌కీ తలుపుకీ సంబంధం లేదు. ఇంజను స్టార్ట్ కావాలా వద్దా అన్నది చిప్ చూసుకుంటుంది. తలుపు తీసేది మాత్రం అవే పళ్లు, అవే ఇత్తడి రేకులు. చిప్ లేని చెవితో తలుపు తెరుచుకుంటుంది, బండి కదలదు. ఆయన చెవి పట్టి చూస్తే పళ్లు బాగా అరిగి ఉన్నాయి. పంజా సెంటరు దారి చెప్పి, దీన్ని కాకుండా కారుతో ఇచ్చిన రెండో చెవి, వాడనిది, పట్టుకెళ్లమన్నాను. అది తెనాలిలో వాళ్ల అత్తగారి బీరువాలో ఉందట. సంక్రాంతికి వెళ్లినప్పుడు తెచ్చుకుంటానన్నాడు.